కారు ఇరుసు భాగాలు: బాగుచేయడమా, మార్చడమా

కారు బరువును చక్రాల మీద మోపుతూ, ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే భాగాలన్నిటినీ కలిపి ఇరుసు అనడం వాడుక. ఎడ్లబండికి ఇరుసంటే రెండు చక్రాల మధ్య ఉండే ఒక్క కడ్డీ. ముందు చక్రాలను ఇంజన్ తిప్పే నేటి చిన్నకారులో ఆ పనిని చాలా భాగాలు పంచుకుంటాయి: ఎడమ, కుడి డ్రైవ్ షాఫ్టులు, ఒక్కొక్క షాఫ్టు రెండు కొసలా సి.వి. జాయింట్లు, వాటిని కప్పే రబ్బరు బూట్లు, హబ్బులు, వీల్ బేరింగులు, బేరింగును పట్టి ఉంచే నకల్, గేర్‌బాక్సు దగ్గర ఆయిల్ సీళ్లు. వెనుక చక్రాలను ఇంజన్ తిప్పే బండ్లలో హౌసింగు, క్రౌన్ పినియన్, యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. గ్యారేజీలో వీటిలో ఏది చెడినా "యాక్సిల్ పోయింది" అనే అంటారు. ఆ మాట వెనుక చిరిగిన బూటు ఉండవచ్చు, విరగడానికి సిద్ధంగా ఉన్న షాఫ్టూ ఉండవచ్చు. మొదటిది కొద్ది ఖర్చుతో బాగవుతుంది. రెండోదాన్ని బాగుచేయాలని చూడడమే ప్రమాదం.

అందువల్ల ధర అడగడానికి ముందు తేల్చుకోవలసింది అరిగిందేమిటని. గట్టిపరచిన ఉక్కు ఉపరితలం అరిగితే ఆ భాగాన్ని మార్చాలి. ఆ ఉక్కును కాపాడే రబ్బరు, గ్రీజు, సీలు, క్లాంపు వంటివి పాడైతే వాటిని మాత్రం మార్చి అసలు భాగాన్ని నిలబెట్టుకోవచ్చు. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడుందో కనిపెట్టడంలోనే మెకానిక్ పనితనం తెలుస్తుంది.

ఉక్కు ఎలా అలిసిపోతుంది

ఇరుసులు చెప్పాపెట్టకుండా ఎందుకు విరుగుతాయన్న ప్రశ్న కారు కంటే పాతది. 1842 మే 8న వెర్సైల్స్ నుంచి పారిస్‌కు తిరిగి వస్తున్న రైలులో ఇంజన్ ఇరుసు ఒకటి విరిగింది. పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి మంటలంటుకున్నాయి. తలుపులకు తాళాలు వేసి ఉండడంతో లోపలివారు బయటపడలేకపోయారు. దక్షిణ ధ్రువ ప్రాంతాన్ని అన్వేషించిన నావికుడు ద్యూమాం ద్యుర్విల్ భార్యాబిడ్డలతో సహా అందులోనే మరణించాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి, పగులు ఒక్కసారిగా రాదనీ, కడ్డీ మందం హఠాత్తుగా మారే మూల దగ్గర పుట్టి మెల్లగా లోపలికి పాకుతుందనీ చెప్పాడు. ఆ తర్వాత ప్రష్యా రైల్వేలో పనిచేసిన అగస్ట్ వోలర్ ఇరుసులను లక్షల సార్లు వంచి తిప్పి, ఏ భారానికి ఎన్ని చుట్ల తర్వాత ఉక్కు ఓడిపోతుందో లెక్కగట్టాడు. లోహాల అలసట గురించిన శాస్త్రానికి పునాది ఆ ప్రయోగాలే.

కారు షాఫ్టుకూ ఇదే వర్తిస్తుంది. మధ్యస్థంగా కర్బనం ఉన్న ఉక్కుతో షాఫ్టును చేసి, విద్యుత్ ప్రేరణతో పైపొరను వేడిచేసి వెంటనే చల్లారుస్తారు. దాంతో పైన కొద్ది మిల్లీమీటర్ల పొర గట్టిపడుతుంది, లోపలి భాగం మాత్రం కొంత వంగే గుణంతో మిగులుతుంది. బేరింగు ఉక్కు వేరు. దానిలో దాదాపు 1 శాతం కర్బనం, 1.5 శాతం క్రోమియం ఉంటాయి. గుండ్లు దొర్లే దారి అద్దంలా నున్నగా ఉన్నంతకాలమే దాని ఆయుష్షు. ఆ దారి మీద చిన్న పొర లేచిందంటే దాని మీదుగా పోయే ప్రతి గుండూ గుంటను ఇంకాస్త పెద్దది చేస్తుంది. కొత్త గ్రీజు పెడితే చప్పుడు కొన్నాళ్లు తగ్గుతుందే తప్ప గుంట పూడదు.

డ్రైవ్ షాఫ్టు, సి.వి. జాయింటు

ముందు చక్రాలు రెండు పనులు చేయాలి: కారును లాగాలి, స్టీరింగుతో పాటు తిరగాలి. మామూలు యూనివర్సల్ జాయింటును వంపులో తిప్పితే అవతలి కొస ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. స్టీరింగు చేతిలో అది వణుకుగా తెలుస్తుంది. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా 1920ల చివర ఆరు గుండ్లతో, ఏ వంపులోనైనా ఒకే వేగాన్ని అందించే జాయింటు, అంటే సి.వి. జాయింటు, రూపొందించాడు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారు దాన్ని జనసామాన్యంలోకి తెచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ వెనుక చక్రాలతో నడిచినవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ముందు చక్రాలు లాగే కారు మన రోడ్ల మీద మామూలైంది. ఆ వెంటే మెకానిక్కులు "టిక్ టిక్" చప్పుడును పోల్చుకోవడం నేర్చారు.

చక్రం వైపు ఉండే బయటి జాయింటు సాధారణంగా ఈ ఆరు గుండ్ల రకం. నలభై అయిదు డిగ్రీల వరకూ వంగుతుంది. గేర్‌బాక్సు వైపు ఉండే లోపలి జాయింటు చాలా కార్లలో మూడు రోలర్ల ట్రైపాడ్. అది తక్కువ వంగుతుంది కానీ సస్పెన్షన్ ఎత్తుపల్లాలకు తగ్గట్టు లోపలికీ బయటికీ జారుతుంది. రెండింటి మీదా ముడతల రబ్బరు బూటు, లోపల మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్లటి గ్రీజు. షాఫ్టు జీవితమంతా ఆ బూటు చేతిలోనే ఉంది. అది చిరగనంత కాలం లక్ష కిలోమీటర్లు దాటినా జాయింటు పనిచేస్తూనే ఉంటుంది. చిరిగితే తిరుగుడుకు గ్రీజు బయటికి విసురుకుపోతుంది, ఆ సందులోంచి ఇసుకా నీళ్లూ లోపలికి పోతాయి. తర్వాత జాయింటు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రోడ్డునూ వానలనూ బట్టి ఉంటుంది.

టైరు లోపలి అంచునా, రిమ్ము వెనుకా నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగినట్టే. అప్పటికి చప్పుడు లేకపోతే అదృష్టం, బాగుచేయడానికి సరైన అదను అదే. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా వలయం కొట్టాలి. టక టక మంటే బయటి జాయింటు అరిగింది. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి అదిరి, కాలు తీయగానే ఆగిపోతే లోపలి జాయింటును అనుమానించాలి. ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు వచ్చే "ధడ్" శబ్దాన్ని మాత్రం వెంటనే షాఫ్టు మీద వేయకూడదు. ఇంజన్ మౌంటింగు చినిగినా అదే శబ్దం వస్తుంది.

బూటు కిట్టు వేయాలంటే షాఫ్టు ఊడదీసి, పాత బూటు కోసేసి, జాయింటు విప్పి, గుండ్లన్నీ డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కడిగి ఆరబెట్టాలి. చాలా గ్యారేజీల్లో ఈ కడగడం అనే మెట్టునే దాటవేస్తారు. చిరిగిన బూటు మీద కొత్త బూటు, మురికి గ్రీజు మీద కొత్త గ్రీజు వేస్తే లోపలి ఇసుక నెమ్మదిగా సానరాయి పని చేస్తుంది. కడిగాక చూడవలసినవి మూడు. గుండ్లు దొర్లే గాడులు మెరుస్తూ ఉన్నా గోటికి ఏదీ తగలకపోతే ఫరవాలేదు. గోరు పట్టేంత గుంట ఉంటే జాయింటు మార్చాలి. గుండ్లను పట్టి ఉంచే పంజరం కిటికీలు పగిలి ఉండకూడదు. ఉక్కు నీలం రంగుకు తిరిగి ఉంటే అది గ్రీజు లేక కాలిందని అర్థం, దాన్ని మళ్లీ బండికి ఎక్కించకూడదు.

ముందుకు నడిచేటప్పుడు గాడి ఒక చెంప మీదే భారం పడుతుంది కాబట్టి కొన్ని కార్లలో ఎడమ కుడి జాయింట్లను అటూ ఇటూ మార్చి, అరగని చెంపను పనిలోకి తేవడం పాత మెకానిక్కుల ఉపాయం. షాఫ్టులో పొడవు తేడాలు, ఎ.బి.ఎస్. రింగులు లేని పాత బండ్లలో అది పనిచేసేది. దీన్ని బాగుచేయడం అనడం కంటే వాయిదా వేయడం అనాలి.

బూటు కిట్టా, మొత్తం షాఫ్టా అన్న తీర్పు దేశాన్ని బట్టి మారడం ఆసక్తికరం. అమెరికాలో మెకానిక్ గంట కూలి ఎక్కువ, కొత్త షాఫ్టు చౌక. అక్కడ చాలామంది జాయింటు విప్పరు, మొత్తం షాఫ్టునే మారుస్తారు. పాతదాన్ని డిపాజిట్ కింద తిరిగి తీసుకుని, గాడులను మళ్లీ గ్రైండ్ చేసి కాస్త పెద్ద గుండ్లు వేసి అమ్మే పరిశ్రమ అక్కడ పెరిగింది. చౌక కొత్త షాఫ్టుల దిగుమతులు వచ్చాక అదీ సన్నగిల్లింది. మన దగ్గర కూలి తక్కువ, కంపెనీ షాఫ్టు ఖరీదు. అందుకే ఇక్కడ బూటు కిట్టు, లేదంటే ఒక్క బయటి జాయింటు మార్చడం తెలివైన పనే. కానీ రెండు కొసలా జాయింట్లు అరిగి, స్ప్లైన్లు (షాఫ్టు కొసల మీది పళ్ల గాడులు) కూడా వదులైన షాఫ్టుకు విడివిడిగా భాగాలు కొంటూ పోతే చివరికి కొత్త షాఫ్టు ధరే అవుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. బయలుదేరినప్పుడల్లా ఒక్కసారి "టిక్" మని ఊరుకునే శబ్దం చాలాసార్లు జాయింటుది కాదు. షాఫ్టు భుజం, బేరింగు ముఖం ఒకదానితో ఒకటి రాసుకుని జరిగేటప్పుడు వచ్చేది. బలమైన మోటారున్న విద్యుత్ కార్లలో ఇది మరీ వినిపిస్తుంది. నట్టు విప్పి ఆ ముఖాలను శుభ్రం చేసి తగిన పేస్టు రాసి మళ్లీ బిగిస్తే పోతుంది. షాఫ్టు మార్చాల్సిన పని ఉండదు.

జాయింటు పూర్తిగా విడిపోతే కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అంతకంటే మోసకరమైన సంగతి మరొకటి ఉంది: ఆటోమేటిక్ కారులో "పి" గేరు గేర్‌బాక్సులోని పళ్లచక్రాన్ని పట్టుకుంటుందే కానీ చక్రాన్ని కాదు. ఒక షాఫ్టు ఊడితే "పి"లో పెట్టిన బండి కూడా వాలు మీద జారిపోతుంది. హ్యాండ్‌బ్రేకు వేయని అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

వీల్ బేరింగు

బండి ఇరుసుకు గుండ్ల బేరింగు పెట్టడానికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు పొందాడు. 1898లో అమెరికాలో గుర్రపు బండ్లు చేసే హెన్రీ టిమ్కెన్ శంఖాకారపు రోలర్లున్న బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండో రకం పాత కార్ల ముందు చక్రాల్లోనూ, ఇప్పటికీ చాలా వాణిజ్య వాహనాల్లోనూ ఉంది. దాన్ని విప్పి, కడిగి, గ్రీజు కూరి, నట్టుతో ఆట సరిచేసి మళ్లీ వాడవచ్చు. ఇక్కడ నిజంగానే మరమ్మతు అనేది ఉంది.

నేటి కార్ల బేరింగు సీలు వేసిన మూసిన డబ్బా. నకల్‌లోకి ప్రెస్సుతో నొక్కే రకం ఒకటి, హబ్బుతో సహా బోల్టులతో బిగించే రకం ఇంకొకటి. రెండింటిలోనూ లోపలికి గ్రీజు పెట్టే దారే లేదు, కాబట్టి చప్పుడు మొదలైతే మార్చాల్సిందే. వేగంతో పాటు పెరిగే "హూ" అనే మోత దాని గుర్తు. కుడివైపు మలుపు తీసుకునేటప్పుడు మోత పెరిగితే భారం పడిన ఎడమ బేరింగును అనుమానించాలి. చక్రం ఎత్తి చేత్తో తిప్పుతూ కాయిల్ స్ప్రింగు మీద వేలు పెడితే గరగర వేలికే తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడేది బేరింగో బాల్ జాయింటో, పక్కలా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే చాలావరకు స్టీరింగు రాడ్డు కొస. టైరు అరుగుదల అసమంగా ఉన్నా ఇలాంటి మోతే వస్తుంది. ముందు టైర్లను వెనక్కు మార్చి చూడడం ఏ ఖర్చూ లేని పరీక్ష.

ఒక పక్క బేరింగు పోతే రెండోదీ మార్చాలన్న సలహా తరచుగా వినిపిస్తుంది. షాక్ అబ్జార్బర్ల విషయంలో ఆ మాట సబబు. బేరింగుల విషయంలో కాదు, దేని ఆయుష్షు దానిదే. గుండ్ల బేరింగు ఆయుష్షు భారానికి ఘనంలో తగ్గుతుంది. భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతు. చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా వెడల్పు రిమ్ములు, స్పేసర్లు వేయించుకున్నవారు కొత్త బేరింగులు త్వరత్వరగా పోతున్నాయని కంపెనీని తిట్టుకోవడం చూస్తుంటాం.

వెనుక హౌసింగు

బొలేరో, ఇన్నోవా క్రిస్టా, ఎకో వంటి బండ్ల వెనుక ఉండేది గట్టి హౌసింగు. యాక్సిల్ షాఫ్టు దాని గుండా చక్రానికి వస్తుంది. కార్లలో, జీపు తరహా బండ్లలో ఎక్కువగా ఉండే సెమీ ఫ్లోటింగ్ పద్ధతిలో షాఫ్టే చక్రపు బరువునూ మోస్తుంది. విరిగితే చక్రం విరిగిన ముక్కతో సహా బయటికి వచ్చేయగలదు. లారీల్లోని ఫుల్ ఫ్లోటింగ్ పద్ధతిలో హబ్బు హౌసింగు మీదే నిలబడుతుంది, షాఫ్టు విరిగినా చక్రం ఊడదు. అందువల్ల మొదటి రకంలో షాఫ్టు మీద పగులు, మెలిక, స్ప్లైన్ల వాలు ఏది కనిపించినా ఇంకో ఆలోచన లేకుండా మార్చాలి.

ఇక్కడ ఎక్కువగా చెడేది ఆయిల్ సీలు. నూనె బ్రేకు డ్రమ్ములోకి కారి షూలను తడిపేస్తుంది. సీలు మార్చడం చిన్న పని. అయితే కొత్త సీలు నెలలోపే మళ్లీ కారితే తప్పు సీలుది కాకపోవచ్చు. హౌసింగు మీది బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) మట్టితో మూసుకుపోతే వేడెక్కిన గాలి నూనెను సీలు గుండానే తోస్తుంది. బేరింగు ఆడుతుంటే సీలు ఒక వైపే నలుగుతుంది. ఏళ్ల తరబడి సీలు పెదవి రాసుకున్న చోట షాఫ్టు మీద గాడి పడితే ఏ సీలూ నిలవదు. అలాంటప్పుడు గాడి మీద పలుచని స్టెయిన్‌లెస్ తొడుగు వేస్తారు. ఎస్.కె.ఎఫ్. చేసే తొడుగు మందం సుమారు 0.28 మిల్లీమీటర్లు. అందువల్ల మామూలు కొలత సీలే సరిపోతుంది. షాఫ్టు మార్చకుండా నిక్కచ్చిగా బాగుచేయగల సందర్భాల్లో ఇది ఒకటి.

క్రౌన్, పినియన్‌లను ఫ్యాక్టరీలో జంటగా ఒరిపిడి చేసి అమరుస్తారు. ఒక్కదాన్నే మారిస్తే రెండోదాని పళ్ల అరుగుదలతో కలవక మోత మొదలవుతుంది. రెండూ కలిపే కొనాలి. అరుగుదల బేరింగులకే పరిమితమై పళ్లు బాగుంటే మాత్రం బేరింగులు మార్చి సందు సరిచేయడం సరిపోతుంది.

వరద నీటిలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వంటి ప్రాంతాల్లో వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వేడిగా ఉన్న హౌసింగు నీటిలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, బ్రీదర్ గుండా, సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే నూనె పాలు కలిపిన కాఫీ రంగులో వస్తుంది. వెంటనే నూనె మార్చి కడిగిస్తే గేర్లు దక్కుతాయి. ఆలస్యమైతే బేరింగుల మీద తుప్పు చుక్కలు పడి, కొన్ని వారాల తర్వాత మోత మొదలవుతుంది. అప్పటికి ఎవరికీ వరద గుర్తుకు రాదు.

వంగినవి, అతికించినవి

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ మిషన్ల మీద చేయలేని పని లేదన్న పేరుంది, అది చాలావరకు నిజం. బుష్షులు తిప్పడం, హౌసింగు బ్రాకెట్లు అతకడం, పాడైన మరలు తీర్చడం అక్కడ రోజువారీ వ్యవహారం. కానీ అరిగిన బేరింగు సీటు మీద వెల్డింగు పోసి లేత్‌లో తిప్పి ఇచ్చిన యాక్సిల్ షాఫ్టును కారుకు వేసుకోకూడదు. వెల్డింగు వేడికి గట్టిపరచిన పొర మెత్తబడుతుంది, దాని పక్కనే ఒక పెళుసు వలయం ఏర్పడుతుంది. రాంకిన్ చెప్పిన పగులు పుట్టడానికి అంతకంటే అనువైన చోటు లేదు. కొలతలో అది కొత్తదానిలాగే ఉంటుంది, అదే దాని మోసం.

గుంతలో పడో, ఫుట్‌పాత్‌కు గుద్దో నకల్ వంగినా, వెనుక చక్రాలను కలిపే బీమ్ మెలితిరిగినా వేడిచేసి తిన్నగా చేయడం కూడా అంతే. అలైన్‌మెంట్ అంకెలు దొరకవచ్చు, బలం తిరిగిరాదు. బీమ్ బుష్షులు మాత్రం ప్రెస్సుతో కొత్తవి వేసుకోవచ్చు. బాల్ జాయింటు ఆడుతుంటే దానికి మరమ్మతు లేదు. అది ఊడితే చక్రం అడ్డంగా పడిపోతుంది. ఇలా గుద్దుకోవడం వల్ల జరిగిన నష్టం బీమా కిందికి వస్తుంది, అరుగుదల రాదు. బీమా వచ్చినా రబ్బరు భాగాలకు సగం తరుగు కోసి ఇస్తారు, పూర్తి తరుగు మినహాయింపు పాలసీ ఉంటే తప్ప.

ధర, దొరకడం, బిగింపు

సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపై ఫిట్‌నెస్ చూపి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. పద్నాలుగో ఏట ఉన్న కారుకు కంపెనీ షాఫ్టు కొనాలా అని తటపటాయించడం సహజమే. ఉత్పత్తి 2014లో ఆగిపోయిన అంబాసిడర్ వంటి బండికైతే ఎంపికే తక్కువ, దొరికినదాన్ని బాగుచేయించుకోవాలి. పాతసామాను దుకాణంలో షాఫ్టు కొనేవారు తమదాన్ని పక్కన పెట్టుకుని పొడవు, స్ప్లైన్ల సంఖ్య, ఎ.బి.ఎస్. రింగు పళ్లు లెక్కపెట్టుకోవాలి. ఒకే మోడల్‌లో మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ షాఫ్టు వేరుగా ఉండవచ్చు. పాత బేరింగు, పాత బాల్ జాయింటు మాత్రం ఎంత చౌకైనా వద్దు. చప్పుడు లేదన్నంత మాత్రాన లోపల ఎంత ఆయుష్షు మిగిలిందో ఎవరూ చెప్పలేరు. పేరున్న కంపెనీల బేరింగులకు నకిలీలు విరివిగా వస్తాయి. ప్యాకెట్టు మీది కోడును ఫోనుతో స్కాన్ చేసి సరిచూసుకునే ఏర్పాటు కొన్ని కంపెనీలు చేశాయి.

కొత్త భాగం త్వరగా పోవడానికి చాలాసార్లు బిగింపే కారణం. బేరింగును నకల్‌లోకి దించేటప్పుడు బయటి వలయాన్నే నొక్కాలి. లోపలి వలయం మీద సుత్తి పడితే గుండ్లు దారి మీద సొట్టలు వేస్తాయి, మొదటి రోజు నుంచే మోత వస్తుంది. అయస్కాంత ముద్రలున్న ఎ.బి.ఎస్. బేరింగును తిరగేసి వేస్తే సెన్సరు చక్రాన్ని చూడలేక డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. మధ్యలోని పెద్ద నట్టును గన్‌తో అందాజుగా కాకుండా టార్క్ రెంచితో కారు పుస్తకంలో చెప్పినంత బిగించాలి. చాలా కార్లకు అది 150 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. నొక్కి లాక్ చేసే రకం నట్టును మళ్లీ వాడకూడదు. ఆ నట్టు పూర్తిగా బిగించేదాకా చక్రాన్ని నేల మీద పెట్టి బండిని తోయకూడదు. బేరింగు రెండు లోపలి వలయాలనూ కలిపి పట్టి ఉంచేది ఆ బిగువే.